దారి మధ్యలో గట్టిగానే ఉంది, అంచే దిగిపోయింది: ఉత్తర అలాస్కాలో ఒక కంకర దారి కేసు

నేను నేల, పునాదుల పని చూసే ఇంజనీరుని. పుట్టింది కోనసీమలో, ఉద్యోగం అలాస్కాలో. ఈ కేసులో మొదటి తప్పు నాదే కాబట్టి రాయడానికి నాకు హక్కుందనుకుంటున్నాను. కంపెనీ పేరు, దగ్గరి ఊరి పేరు, దారి ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో చెప్పను. గుర్తుపట్టే వీలున్న కొలతలు వదిలేశాను, మిగిలినవి ఉజ్జాయింపుగా ఇస్తున్నాను.

ముందు భాషతో ఒక చిన్న ఇబ్బంది. మనకి ఆకాశం నుంచి రాలిపడేదీ మంచే, తెల్లారి గడ్డి మీద పట్టేదీ మంచే, ఫ్రీజర్లో బిగుసుకునేదీ మంచే. ఇక్కడ వాటిని కలిపేస్తే కథే అర్థం కాదు. అందుకని పైనుంచి రాలి పేరుకునేదాన్ని మంచు అనీ, నేల లోపల గడ్డకట్టిన నీటిని ఐసు అనీ రాస్తాను. ఈ కేసులో మంచు నేలని వెచ్చగా ఉంచుతుంది, ఐసు దాన్ని నిలబెడుతుంది. నాకు ఆలస్యంగా తలకెక్కింది కూడా ఇదే.

నేల సంగతి

బ్రూక్స్ పర్వతాలకీ బోఫోర్ట్ సముద్రానికీ మధ్య ఉన్న అలాస్కా ఉత్తర భాగాన్ని నార్త్ స్లోప్ అంటారు. 1968లో అక్కడ ప్రూడో బే దగ్గర చమురు బయటపడింది. 1977లో అక్కడి నుంచి దక్షిణాన వాల్డీజ్ రేవు దాకా దాదాపు 1,290 కిలోమీటర్ల పైప్‌లైన్‌లో చమురు పారడం మొదలైంది. ఆ ప్రాంతంలో నేల కొన్ని వందల మీటర్ల లోతు వరకూ ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది. దాన్నే పర్మాఫ్రాస్ట్ అంటారు. వేసవిలో పైన మూరెడు అటూ ఇటూగా కరుగుతుంది, చలి రాగానే మళ్లీ బిగుసుకుంటుంది.

ఆ గడ్డ నేల అంతా ఒకే తీరుగా ఉంటే మా పని సులువే. కానీ చలికి నేల బీటలు వారి, వసంతంలో కరిగిన నీళ్లు ఆ బీటల్లోకి దిగి గడ్డకట్టి, మళ్లీ చలికి అదే చోట బీట పడి, ఇలా వందల, వేల ఏళ్లు జరిగి నేల లోపల నిలువుగా ఐసు దిమ్మెలు తయారయ్యాయి. పైన వెడల్పు, కిందికి సన్నం, గొడ్డలి దిగేసినట్టు ఉంటాయి. హెలికాప్టర్ నుంచి చూస్తే టండ్రా, అంటే చెట్లు లేని ఆ మైదానం, ఎండిపోయిన చెరువు అడుగులా పలకలు పలకలుగా కనిపిస్తుంది. పలకకీ పలకకీ మధ్య గీత ఎక్కడుంటే అక్కడ కింద ఐసు దిమ్మె ఉన్నట్టు.

ఆ దిమ్మె నెత్తిన ఉండే నాచు, పీచు మట్టి పొరే దానికి గొడుగు. గొడుగు చెదిరితే ఐసు కరుగుతుంది, నేల కుంగుతుంది, కుంగిన చోట నీళ్లు నిలుస్తాయి, నల్లటి నీళ్లు ఎండని పీల్చుకుని కింద ఉన్నదాన్ని ఇంకా కరిగిస్తాయి. దీనికి థెర్మోకార్స్ట్ అని పేరు. ఒకసారి మొదలైతే దానంతట అది నడుస్తుంది.

ఇలాంటి చోట కంకర దారి ఎందుకు వేస్తారంటే, చలికాలపు దారుల మీద నమ్మకం తగ్గిపోయింది కాబట్టి. టండ్రా మీద భారీ బండ్లు తిరగాలంటే రాష్ట్ర ప్రభుత్వం సీజన్ తెరవాలి. తీర మైదానంలో 30 సెంటీమీటర్ల లోతున నేల మైనస్ 5 డిగ్రీలకి చల్లబడాలి, పైన 15 సెంటీమీటర్ల మంచు ఉండాలి. 1970లో ఏడాదికి 200 రోజులకి పైగా దొరికిన ఆ సీజన్ 2000 తర్వాత తొలి ఏళ్లకి 100 రోజుల దగ్గరికి పడిపోయింది. 1979 నుంచి చూస్తే ఆర్కిటిక్ ప్రపంచ సగటు కన్నా దాదాపు నాలుగింతల వేగంతో వేడెక్కింది మరి. సీజన్ కుదించుకుపోయే కొద్దీ కంపెనీలు ఏడాదంతా నడిచే కంకర దారి కావాలంటాయి. ఆ దారి పక్కన నేల కరుగుతుంది. దాన్ని బాగుచేయమని మాలాంటివాళ్లని పిలుస్తారు. నా జీతం ఈ గొలుసులో ఎక్కడుందో నాకు తెలుసు.

మా దారి కట్ట మీటరున్నర ఎత్తు. అక్కడ అందరూ పాటించే మందం అదే, ఐదడుగులు. తవ్వకం అనేదే ఉండదు. టండ్రా మీద గుడ్డ పరిచి, దాని మీదే కంకర పోస్తారు. వేసవి వేడి ఆ కంకరలోనే ఆగిపోవాలని ఉద్దేశం. దారి ఉత్తర దక్షిణాలుగా వెళ్తుంది. అక్కడ గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం వైపు నుంచి వీస్తుంది. నేల వాలు మాత్రం ఆ ముక్కలో పడమర నుంచి తూర్పుకి, కంటికి ఆననంత కొద్దిగా. ఈ రెండూ గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

కేసు నా బల్ల మీదకి వచ్చిన తీరు

2020 మే 29న రష్యాలోని నోరిల్స్క్ దగ్గర ఒక పవర్ ప్లాంటు డీజిల్ ట్యాంకు కింద ఆధారాలు కుంగి 20 వేల టన్నులకి పైగా డీజిల్ నేలలోకీ నదుల్లోకీ పోయింది. పర్మాఫ్రాస్ట్ మీద ట్యాంకులున్న ప్రతి కంపెనీలోనూ ఆ వారం టెన్షనే. మా క్లయింటు కూడా ట్యాంకులు, పైపు స్తంభాలు, దారి అన్నీ ఒకసారి చూసి రిపోర్టు ఇమ్మన్నాడు. కోవిడ్ రోజులు, క్యాంపుకి వెళ్లాలంటే క్వారంటైన్. నేను యాంకరేజ్‌లో ఇంట్లో కూర్చుని డేటా చదివాను.

ట్యాంకులు బాగానే ఉన్నాయి. దారి కింద మూడు చోట్ల థర్మిస్టర్ కేబుళ్లు, అంటే లోతు లోతుకీ ఉష్ణోగ్రత చెప్పే తీగలు, దించి ఉన్నాయి. మూడూ ఏడాదంతా సున్నాకి బాగా కిందే చూపించాయి. ‘దారి కింద నేల గడ్డకట్టే ఉంది, స్థిరంగా ఉంది’ అని రాసి సంతకం పెట్టాను. ఆ రిపోర్టు వెళ్లిన ఆరు వారాలకి క్యాంపు నుంచి ఫొటోలు వచ్చాయి. పడమటి అంచు పొడవునా పగుళ్లు. దాదాపు రెండు కిలోమీటర్ల మేర ఎనిమిది చోట్ల అంచు జారి, కట్ట మొదట్లో, అంటే వాలు నేలని తాకే చోట, నీళ్లు నిలిచాయి. ఒక చోట కంకర లారీ వెనక చక్రం అంచుతో సహా కిందికి దిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

నా మొదటి ఆలోచన ఏమిటంటే కంకర సరిగా దిమ్మిస కొట్టలేదు, లారీల బరువుకి జారుతోంది అని. ఇప్పుడు చూస్తే ఇది నా రిపోర్టుని నేను కాపాడుకోవడం. తీగలు గడ్డ అన్నాయి, కాబట్టి తప్పు నేలది కాదు, కట్టినవాళ్లది.

చేసినవి, చెడినవి

ఆ వేసవిలోనే జారిన చోట్ల కంకర పోశాం, అంచుని కాస్త వెడల్పు చేశాం. వేసవిలోనే ఎందుకంటే చలికాలంలో గడ్డకట్టిన కంకర అణగదు. దానిలో ఉన్న ఐసు మరుసటి వేసవిలో కరిగి మళ్లీ కుంగుతుంది. ఆ లెక్క సరైనదే. కానీ ఎండలో వెచ్చబడ్డ కంకరని తీసుకెళ్లి, అసలే కరుగుతున్న గుంటలో, నీళ్లలో పోశాం. పైగా వెడల్పు చేసిన ప్రతి అడుగూ బతికున్న నాచు మీద పడింది. గొడుగు మీదే మట్టి పోశామన్నమాట. 2021 ఆగస్టుకి అవే చోట్లు మళ్లీ కుంగాయి, కాకపోతే పగులు ఇంకొంచెం పడమరకి జరిగింది.

అప్పుడు ఫోమ్ బోర్డులు వేద్దామన్నాను. ఇళ్ల గోడలకి, పునాదులకి వాడే గట్టి నీలం రంగు పాలీస్టైరిన్ బోర్డులు. కట్ట వాలు మీదా, మొదట్లోనూ పరిచి, పైన కంకర కప్పితే వేసవి వేడి కిందికి దిగదని లెక్క. కంప్యూటర్ మోడల్ కూడా అదే చెప్పింది. ఆ మోడల్‌కి నేను ఇచ్చిన నేలలో నీళ్ల పారుదల లేదు, పైన పేరుకునే మంచు మందం దగ్గరి విమానాశ్రయం సగటు. బోర్డుకి వేడి, చలి అని తేడా తెలియదు, రెండింటినీ ఆపుతుంది. చలికాలం నేల లోపలి వేడిని లాగేయాల్సిన చలిని కూడా అదే ఆపేసింది. కింద నుంచి నీళ్లు పారుతూనే ఉన్నాయి.

2022 జూన్ మొదటి వారంలో, కోవిడ్ తర్వాత మొదటిసారి క్యాంపుకి వెళ్లాను. గ్రేడర్, అంటే దారిని చదును చేసి మంచు తోసే బండి, నడిపే పెద్దాయన ఒక నీలం బోర్డు చంకలో పెట్టుకుని ఆఫీసు గదిలోకి వచ్చాడు. మూలలు విరిగి, అడుగున నాచు అంటుకుని ఉంది. ‘ఇది నీదేనా? బాతులతో పాటు తేలుతోంది’ అన్నాడు.

ఆయన దగ్గరి ఊరి ఇన్యుపియాక్ మనిషి, అంటే ఉత్తర అలాస్కా ఆదివాసి, అరవై దాటాయి. దారి వేసినప్పటి నుంచీ దాని మీద మంచు తోసేది ఆయనే. నన్ను బండి ఎక్కించుకుని ఎనిమిది చోట్లకీ తీసుకెళ్లాడు. ఇంజన్ ఆపి, ‘విను’ అన్నాడు. కట్ట పడమటి వైపు నడుము లోతున మిగిలిన మంచు కింద నీళ్ల చప్పుడు. ఎక్కడెక్కడ ముందు వినిపిస్తుందో ఆయనకి నోటికి వచ్చు, ఏప్రిల్ చివర నుంచే స్నోమెషీన్, అంటే మంచు మీద నడిపే బండి, ఎక్కడ కూరుకుపోతుందో కూడా. నేను నా తీగల సంగతి చెప్పాను. ‘నీ తీగలు దారి నడిమధ్యలో ఉన్నాయి. నడిమధ్యలో నేనెప్పుడూ కూరుకుపోలేదు’ అన్నాడు.

అక్కడే నాకు మా ఊరి వైపు నల్లరేగడి రోడ్లు గుర్తొచ్చాయి. రేగడి మీద రోడ్డు మధ్యలో పగలదు. పైన తారు కప్పి ఉంటుంది కాబట్టి అక్కడ తడి మారదు. అంచున వానకి ఉబ్బి, ఎండకి కుంచించుకుపోయి, పొడవునా అంచే చీలుతుంది. ఇది నేను కాలేజీలో పరీక్ష రాసి పాసైన విషయం. ఇరవై ఏళ్ల తర్వాత ఆర్కిటిక్‌లో అదే పగులు ఫొటోలో చూసి దిమ్మిస తప్పని రాశాను.

తీగలు మధ్యలోనే ఎందుకున్నాయో తర్వాత పాత ఫైల్లో వెతికాను. దారి పూర్తయింది వేసవిలో. డ్రిల్లింగ్ బండి టండ్రా మీద దిగడానికి అప్పుడు అనుమతి లేదు. దారి మీద నిలబెట్టి ఎక్కడ తవ్వగలరో అక్కడ తవ్వారు. ఎవరూ తప్పు చేయలేదు, ఎవరూ దాన్ని రిపోర్టులో రాయలేదు కూడా.

అసలు ఏం జరుగుతోంది

ఆ సెప్టెంబరులో ఇనుప చువ్వ పట్టుకుని కట్ట వెంట నడిచాను. ఇది మా వృత్తిలో అన్నిటికన్నా చవకైన పరికరం. ఒక సన్నటి కడ్డీ, పైన పిడి. నేలలోకి గుచ్చితే మెత్తగా దిగి, గడ్డ తగిలిన చోట టక్కుమని ఆగుతుంది, మోచేయి దాకా ఝిల్లుమంటుంది. దూరంగా చెదరని టండ్రాలో మూరెడు దిగి ఆగింది. తూర్పు వైపు కట్ట మొదట్లో కొంచెం ఎక్కువ. పడమటి వైపు గుంటల్లో మీటరుకి పైగా ఉన్న కడ్డీ పిడి దాకా దిగిపోయింది, ఏమీ తగల్లేదు.

అక్టోబరులో ఈసారి కట్ట మొదట్లోనే తీగలు దించాం. ఫిబ్రవరిలో బయట మైనస్ 30ల్లో ఉండగా, దారి మధ్య తీగ మీటరు లోతున మైనస్ 10 కన్నా కింద చూపించింది. పడమటి కట్ట మొదట్లో అదే లోతున సున్నా దగ్గరే కదలకుండా నిలబడి ఉంది. చలికాలం అక్కడికి చేరనేలేదు.

కారణం వింతేమీ కాదు. మధ్యలో మంచుని రోజూ తోసేస్తాం, కాబట్టి చలి నేరుగా దిగుతుంది. తోసిన మంచు పడమటి వాలు మీద పడుతుంది. తూర్పు గాలి తెచ్చిన మంచు కూడా కట్ట చాటున, పడమటి వైపే పేరుకుంటుంది. మంచు గుప్పెడు గాలిని పట్టుకున్న దూది లాంటిది. తాజా మంచు ఐసుతో పోలిస్తే వేడిని చాలా తక్కువగా పోనిస్తుంది. అంటే కరగకూడని చోటే మేము ప్రతి చలికాలం రగ్గు కప్పుతున్నాం. వసంతంలో ఆ రగ్గు నీళ్లవుతుంది. పడమర నుంచి తూర్పుకి వెళ్లాల్సిన టండ్రా నీళ్లు కూడా కట్టకి అడ్డంపడి అక్కడే ఆగుతాయి. వేసవిలో లారీలు లేపే దుమ్ము, గాలి మళ్లీ అటే కాబట్టి, పడమటి నాచు మీదే పడుతుంది. నాచు చస్తుంది, దుమ్ము పట్టిన మంచు ముందే కరుగుతుంది. నాలుగు పనులూ ఒకే వైపు.

నీళ్లని ఎందుకు అంత తీవ్రంగా తీసుకోవాలో ఒక్క లెక్క చెబుతాను. కిలో ఐసుని కరిగించడానికి పట్టే వేడితో కిలో నీళ్లని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. ఇంత వేడిని గాలి నెమ్మదిగా తెస్తుంది. పారే నీళ్లు మాత్రం మోసుకొచ్చి మరీ పోసి వెళ్తాయి.

కల్వర్టులు లేవా అంటే ఉన్నాయి. వేసవి సర్వే మ్యాపులో పల్లం ఎక్కడుందో అక్కడ పెట్టారు. జూన్ మొదట్లో వరద వచ్చేటప్పటికి వాటి నిండా ఐసే. నీళ్లు మ్యాపులోని పల్లాన్ని వెతకలేదు, ఐసు దిమ్మెల పైన ఉన్న గీతల వెంట నడిచాయి.

గొట్టాలు వద్దన్న నిర్ణయం

ఈ దశలో క్లయింటు మేనేజర్‌కి థెర్మోసైఫన్ల మీద మనసు పడింది. మూసిన గొట్టం, లోపల అమ్మోనియా లాంటిది. అడుగున నేల వేడికి అది ఆవిరవుతుంది, పైకి వస్తుంది, బయటి చలికి ద్రవమై గోడ వెంట మళ్లీ కిందికి జారుతుంది. కరెంటు వద్దు, పంపు వద్దు, గాలి నేలకన్నా చల్లగా ఉన్నంత కాలం నేల వేడిని బయటికి తోడుతూనే ఉంటుంది. అలాస్కా పైప్‌లైన్ స్తంభాల్లో ఇలాంటివి లక్షా ఇరవై వేలకి పైగా ఉన్నాయి, 1977 నుంచీ పనిచేస్తున్నాయి. మంచి పనిముట్టే.

నేను వద్దన్నాను. పైప్‌లైన్‌లో అవి కాపాడేది స్తంభాన్ని, అంటే ఒక చుక్క. మాది రెండు కిలోమీటర్ల గీత. అన్నిటికీ మించి కింద నీళ్లు పారుతున్నాయి. చలికాలమంతా గొట్టం గడ్డకట్టించినదాన్ని జూన్‌లో పది రోజుల వరద తినేస్తుంది. తలుపు తీసిపెట్టి ఏసీ వేసుకున్నట్టు. నీళ్లనీ మంచునీ ముందు తప్పిద్దాం, అప్పటికీ కుంగితే గొట్టాలే వేద్దామని రాశాను. రెండుసార్లు తప్పు చెప్పిన మనిషి మూడోసారి ఖరీదైనది వద్దంటే నమ్మడం కష్టం. నమ్మించింది నా రాత కాదు, ఫిబ్రవరిలో పక్కపక్కన పెట్టిన రెండు తీగల గ్రాఫు.

పనికొచ్చినవి

మంచు సంగతి గ్రేడర్ పెద్దాయనే తేల్చాడు. నేను తూర్పుకి తోద్దామన్నాను. గాలికి ఎదురు తోస్తే రాత్రికి మళ్లీ దారి మీదకే వస్తుంది అన్నాడు. పలకతో తోయడం మానేసి, మంచుని చిమ్మే బ్లోయర్‌తో పడమరగానే, కానీ దూరంగా, పలుచగా పడేట్టు కొట్టాలన్నాడు. కట్ట మొదట్లో పేరుకున్నదాన్ని డిసెంబరు, జనవరి, ఫిబ్రవరిల్లో గొలుసు చక్రాల బండితో తీసేయాలి, లేదా కనీసం తొక్కించాలి. అణిగిన మంచు చలిని బాగా దిగనిస్తుంది. మొదటి చలికాలంలోనే ఒక ఇబ్బంది వచ్చింది. దారి దాటి కారిబూల, అంటే అక్కడి పెద్ద జింకల, వేటకి వెళ్లే ఊరివాళ్ల స్నోమెషీన్లకి పేరుకున్న మంచే ర్యాంపు. అది తీసేస్తే నిట్టనిలువు కట్ట మిగిలింది. వాళ్లు వచ్చి చెప్పాక, అడిగిన మూడు చోట్ల కంకరతో సన్నటి వాలు కట్టాం. ముందే అడిగి ఉండాల్సింది.

కల్వర్టుల కోసం 2023 వరద సమయంలో పది రోజులు అక్కడే ఉన్నాను. ఆయన చూపించిన చోట్లలో, నీళ్లు నిజంగా దాటాలని చూస్తున్న చోట్ల, కర్రలు పాతాం. తవ్వకం మాత్రం ఆ తర్వాతి చలికాలానికి వాయిదా వేశాం. మే చివర నుంచి జూన్ మధ్య దాకా కారిబూలు ఈనే కాలం, యంత్రాలు కదలకూడదు. గడ్డ నేలలో చేస్తే తవ్వినది కూలదు కూడా. పాతవాటికన్నా పెద్ద గొట్టాలు వేసి, అడుగున ఫోమ్ పరిచాం. ఈ చోట అది సరైనదే, ఎందుకంటే ఇక్కడ మేము ఆపాలనుకున్నది పారే నీటి వేడిని మాత్రమే. ప్రతి మే నెలలో వరదకి ముందు ఆవిరి పట్టించి లోపలి ఐసు కరిగించే పని రాసి, పేరు పెట్టి ఒక మనిషికి అప్పజెప్పాం. పేరు పెట్టకపోతే ఆ పని జరగదు.

దుమ్ముకి కాల్షియం క్లోరైడ్ చల్లితే అణుగుతుంది, అక్కడ మామూలే. మా అంచు గుంటల్లో అప్పుడే మొలుస్తున్న నాచుకి ఉప్పు ఎందుకని వద్దన్నాను. వేగం తగ్గించి, నీళ్లు చల్లి, భారీ సరుకులో వీలైనంత చలికాలానికి మార్చుకున్నారు. ఇది సగమే జరిగింది. వేగం బోర్డు ఉంది, వేగం కూడా ఉంది.

ఒక దెబ్బ కూడా తిన్నాం. 2024లో కొత్త కల్వర్టులు నీళ్లని దాటించాయి. తూర్పున ఒక చోట ఆ నీళ్లు ఇంకో ఐసు దిమ్మె నెత్తిన పడి, మూడు వారాల్లో నడుము లోతు కాలువ కోశాయి. పడమటి సమస్యని తూర్పుకి మోసుకెళ్లాం. బండరాళ్లు పోద్దామంటే బరువు. చివరికి నీళ్లు పడే చోట కొబ్బరిపీచు చాపలు నాలుగు వరసలు పరిచి, మేకులు కొట్టి, నీటి జోరు విరిచాం. అలాస్కాలో ఏటి ఒడ్డులకి పీచు వాడటం కొత్త కాదు. నాకు మాత్రం ఆ చాపల కట్ట విప్పినప్పుడు వచ్చిన తడి పీచు వాసనకి మా ఇంటి వెనక కాలువ గట్టు గుర్తొచ్చింది. పక్కనున్న కుర్రాడికి చెబుదామనుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఊరుకున్నాను.

ఇప్పుడు ఎలా ఉంది

ఎనిమిదిలో ఐదు చోట్ల అంచు కదలడం ఆగింది. కట్ట మొదటి తీగలు ఫిబ్రవరిలో సున్నా వదిలి కిందికి దిగాయి. దారి మధ్యలో ఉన్నంత చల్లగా కాదు, అది మేము ఆశించలేదు కూడా. రెండు చోట్ల ఇంకా కొద్దిగా కుంగుతోంది, ఏటా కంకర పోస్తున్నారు. పెద్ద గుంట ఉన్న ఎనిమిదో చోట దారినే తూర్పుకి కాస్త జరిపాం, గుంటని దాని మానాన వదిలేశాం. కింద దిమ్మె పైభాగం ఇప్పటికే పోయింది. మిగిలినదాని మీద నీటి గడ్డి, నాచు పెరిగి, చచ్చి, పీచుగా పేరుకుంటే అది మళ్లీ గొడుగవుతుంది. ఇలా సర్దుకున్న దిమ్మెలు ఆ మైదానంలో చాలా ఉన్నాయి. మేము కంకర పోసినంత కాలం ఆ అవకాశం దానికి ఇవ్వలేదు.

నా పద్ధతిలో మారినవి చెప్పాలి. ఇప్పుడు ఏ దారి రిపోర్టు రాసినా మొదటి పేజీలో తీగలు ఎక్కడున్నాయో కాదు, ఎక్కడ లేవో గీసి చూపిస్తాను. మంచు మందానికి విమానాశ్రయం సగటు వాడను, ఫిబ్రవరిలో పార పట్టుకుని తవ్వి కొలుస్తాను. పని ఒప్పుకునే ముందే, దారి మీద మంచు తోసే మనిషితో ఒక రోజు బండిలో తిరగడానికి డబ్బు, సమయం అంచనాలో వేస్తాను. మొదట్లో క్లయింట్లు ఆ పద్దు కొట్టేసేవాళ్లు. దానికి ‘స్థల పరిశీలన, రెండో దశ’ అని పేరు మార్చాక కొట్టేయడం లేదు.

ఆ పెద్దాయన నిరుడు రిటైరయ్యాడు. ఆయన చూపించిన చోట్లన్నీ నేను మ్యాపులో పెట్టాను. కానీ ఏప్రిల్‌లో ఇంజన్ ఆపి వినాల్సింది ఏ వారం మొదలుపెట్టాలో మ్యాపులో ఎలా పెట్టాలో తెలియక, కొత్తగా వచ్చిన గ్రేడర్ డ్రైవర్‌ని ఈ వసంతంలో ఆయన ఇంటికి తీసుకెళ్లాను. ముగ్గురం స్నోమెషీన్ల మీద దారి వెంట వెళ్లాం. మూడో కల్వర్టు దగ్గర ఆయన ఆపి, టోపీ పైకి తోసి చెవి పెట్టాడు. ‘ఇంకా లేదు. వచ్చే వారం రా’ అన్నాడు, కొత్తవాడితో.